చలిని తోసిన గుట్ట

చలిగాలి సిర్సాపేట మీద పడ్డ ఉదయం ముందుగా పగిలినవి ఏరియా ఆస్పత్రి కిటికీ అద్దాలు. ఉత్తరపు గోడకున్న అద్దాలన్నీ ఒకదాని వెంట ఒకటి లోపలికి విరుచుకుపడ్డాయి. వరండాలో పడుకున్న రోగుల బంధువుల ముఖాలు చీరుకుపోయాయి. కారిన రక్తం కారినచోటే గడ్డకట్టింది. సంతలో అమ్మడానికి కట్టేసిన ఎద్దులు పలుపుతాళ్లు తెంపుకొని, ఒకదాన్నొకటి కుమ్ముకుంటూ బజారులోకి పరుగెత్తాయి. ఒక ముసలాయన వాటి కాళ్ల కింద నలిగి చనిపోయాడు. మధ్యాహ్నానికి పత్తి చేలన్నీ మంట తగిలినట్టు నల్లబడ్డాయి. నీళ్ల పైపులు తుపాకులు పేలినట్టు పేలాయి.

ఆదిలాబాద్ అడవుల్లో చలి కొత్త కాదు. నెగళ్లు వేసుకొని, గొంగళ్లు కప్పుకొని తట్టుకునే చలి అది. ఇది అది కాదు. ఉష్ణోగ్రత సున్నాకు తొమ్మిది డిగ్రీలు కిందికి దిగి అక్కడే నిలబడింది.

ఊరికి పైన బోడిగుట్ట మీద ప్రయోగశాలలో కూర్చున్న దుర్గం సుగుణకు ఆ చలి ఎక్కడిదో తెలుసు. ఉత్తర ధ్రువం చుట్టూ, భూమికి చాలా ఎత్తున, చలికాలమంతా గిరగిరా తిరిగే గాలి వలయం ఒకటి ఉంటుంది. లోపలి చలిని అది కంచెలా పట్టి ఉంచుతుంది. ఆ కంచె ఇప్పుడు రెండు ముక్కలైంది. ఒక ముక్క హిమాలయాల పడమటి కొసను దాటి, ఉత్తరాది మైదానాల మీదుగా జారి, సరిగ్గా తన ఊరి మీదికి వచ్చి కూర్చుంది. దాన్ని అలా చేసింది తన యంత్రమే.

ఆ యంత్రం ఏం చేస్తుందో తమ్ముడు బాపు ఒకసారి అడిగాడు. గుట్ట కింద సబ్‌స్టేషన్‌లో లైన్‌మన్ అతను. గుట్ట మీది పొడవాటి స్తంభాలకు కరెంటు వెళ్లేది అతని చేతుల మీదుగానే.

"ఈడ కరెంటు పెడితే ఆడ ధ్రువంల గాలెట్ల కదుల్తదే అక్కా? నాకైతే నమ్మబుద్ధి గాదు."

సుగుణ అతణ్ని పక్కింటి పెరట్లోకి తీసుకెళ్లింది. అక్కడ ఒక పిల్ల టైరుకు తాడు కట్టి ఊగుతోంది. "ఒక్క వేలుతోని తోయి," అంది. బాపు తోశాడు. ఊయల తడబడి ఆగిపోబోయింది. "గట్ల గాదు. వెనక్కొచ్చి జరసేపు ఆగుతది చూడు, అప్పుడు తోయి." ఈసారి వేలు తగలగానే ఊయల ఎత్తుకు లేచింది. ఇంకోసారి తోస్తే ఇంకా ఎత్తుకు లేచింది. పిల్ల కిలకిలా నవ్వింది.

"గంతే. పైన గాలిల అలలుంటయి. మన స్తంభాలు ఆ ఎత్తుల గాలిని జరంత వేడి చేస్తయి. అల వెనక్కొచ్చినప్పుడల్లా ఒక తోపు. తోపు మీద తోపు పడితే అది ధ్రువం దాకా పోతది. వలయం గట్టిగైతది, చలి బయటికి రాదు."

"మరి లోపలున్న చలి ఏమైతది?"

"ఆడనే ఉంటది."

అయిదు చలికాలాలు అది లోపలే ఉంది. ఉత్తరాది నగరాల్లో ఫుట్‌పాత్‌ల మీద పడుకునేవాళ్లు గడ్డకట్టి చావడం తగ్గింది. పేపర్లు రాశాయి. ప్రయోగశాల అధిపతి పెన్మత్స రామభద్రరాజు ఫొటోలు వచ్చాయి, పక్కన సుగుణ ఫొటో కూడా. ఆరో చలికాలంలో వలయం బిగిసి బిగిసి, నిలువునా చిట్లింది.

*

రెండో రోజు బాపు భార్య స్వరూపకు ఏడో నెలలోనే నొప్పులు వచ్చాయి. అంతకుముందు రెండు కాన్పులు పోయాయి. ఈసారి ఆడపిల్ల పుట్టింది, అరచేతిలో ఇమిడేంత. నర్సు ఆ పిల్లను వెచ్చటి దీపాల పెట్టెలో పడుకోబెట్టింది. పక్క పెట్టెలో కొండ మీది గూడెం నుంచి వచ్చిన టేకం రాజుబాయి కొడుకు ఉన్నాడు. వాడూ నెలలు నిండకుండా పుట్టినవాడే.

అదే పూట ప్రయోగశాలలో రాజుగారు గోడ మీది పటం ముందు నిలబడి ఉన్నారు. రెండు రోజులుగా ఆయన గడ్డం గీసుకోలేదు.

"చూడమ్మా సుగుణా, తెచ్చింది మనమే. పంపాల్సింది కూడా మనమే. తోపుల్ని తిరగేద్దాం. ఈ ముక్కని పడమటికి నెట్టేద్దాం."

"అటు ఎవరున్నారు సార్?"

"ఉప్పు నేలలు. జనం పెద్దగా ఉండరు."

ఆమె పటం వంక చూసింది. అక్కడ ఊళ్ల పేర్లు తక్కువగానే ఉన్నాయి. సరే అంది.

కానీ తోపులకు కావలసినంత కరెంటు లేదు. కరెంటు పంపే థర్మల్ కేంద్రంలో తడి బొగ్గు రాళ్లలా గడ్డకట్టి, ఒక్క యూనిట్టే నడుస్తోంది. అది గుట్టకైనా చాలాలి, ఊరికైనా చాలాలి. ఊరి లైన్లు ఆపి గుట్టకు ఇమ్మని అధికారుల ఆదేశాలు వచ్చాయి. బాపు ఒక్కొక్క లైనే ఆపేశాడు. బజారు ఆరింది, పేటలు ఆరాయి, బస్టాండు ఆరింది. తరువాత అక్కకు ఫోన్ చేశాడు.

"ఊరంత బంద్ జేసిన అక్కా. తిడుతున్నరు జనం. తిట్టనీ. దవాఖాన లైను మాత్రం ముట్ట."

"ముట్టకు తమ్మీ. పిల్ల ఎట్లుంది?"

"కాళ్లాడిస్తుంది. నీ ముక్కే వచ్చింది దానికి, స్వరూప నవ్వుతుంది."

తోపులు మొదలయ్యాయి. స్తంభాలు గూంయిమని మూలిగేవి, ఆగేవి, మళ్లీ మూలిగేవి. ఆ మూలుగుకు బల్ల మీది గాజు గ్లాసులు వణికేవి. మర్నాడు పొద్దెక్కే వేళకు చలి ముక్క పడమటి అంచు కొద్దిగా సాగింది. సాగి, ఆగింది. సుగుణ తెర మీద చూసింది. తోపు చాలడం లేదు. ఎంత తక్కువో కూడా కనిపిస్తోంది. చాలా కొంచెం. ఒక ఆస్పత్రి వాడుకునేంత.

రాజుగారు కూడా ఆ అంకె చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయన నోరు తెరిచి చెప్పి ఉంటే ఆమె కాదని పోట్లాడేదేమో.

"వాళ్లకు జనరేటర్ ఉంది కదా," అంది సుగుణ, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. ఆదేశాలు వచ్చాక సబ్‌స్టేషన్ మీటలను గుట్టకు కూడా కలిపారు; ఆస్పత్రి లైను ఆపేది ఆమె ముందున్న కంప్యూటరులోనే ఉంది. నొక్కింది.

*

ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో జనరేటర్ ఒకసారి దగ్గి ఆగిపోయింది. డీజిల్ నెయ్యిలా పేరుకుపోయి ఉంది. వార్డుబాయి గొట్టాల కింద గుడ్డలు కాల్చి వేడి చేయబోతే షెడ్డే అంటుకుంది. అతని చేతులు మోచేతుల దాకా కాలాయి. లోపల దీపాల పెట్టెలు చీకటయ్యాయి.

"పిల్లల్ని రొమ్ముకు అదుముకోండి. జాకెట్లు విప్పి లోపల పెట్టుకోండి. ఎవ్వరూ కదలొద్దు," అని నర్సు అరుస్తూ పరుగులు తీసింది. స్వరూప పిల్లను ఒంటికి ఆనించుకుంది. చుట్టూ ముగ్గురు ఆడవాళ్లు ఆమెను గట్టిగా పట్టుకొని కూర్చున్నారు. రాజుబాయికి జ్వరం. స్పృహ సరిగా లేదు. ఆమె కొడుకును ఆమె అత్త పట్టుకుంది. ముసలామె ఒంట్లోనే వేడి లేదు. కాసేపటికి ఆ పిల్లవాడి పెదవులు నీలంగా మారాయి. ముసలామె ఊదుతూనే ఉంది, నోట్లోకి, ముక్కులోకి. నర్సు వచ్చి ఆమె చేతుల్లోంచి పిల్లవాణ్ని తీసుకొనే దాకా ఊదుతూనే ఉంది.

బాపు గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాడు. మేం ముట్టలేదన్నా, గుట్ట మీదినుంచే తీసిన్రు అని అక్కడివాళ్లు చెప్పారు. అప్పుడు అక్కకు చేశాడు.

"దవాఖాన లైను ఎవరు తీసిన్రు?"

"జనరేటర్ ఉన్నది గద తమ్మీ, ఇంకొద్దిసేపు..."

"డీజిల్ పేరుకపోయింది. ఒక పోరడు సచ్చిపోయిండు. మా పిల్ల సల్లబడ్తుంది. నువ్వే తీసినవా?"

సుగుణ వేళ్లు కంప్యూటరు మీదికి వెళ్లాయి. ఇప్పుడు లైను ఇస్తే తోపు ఆగిపోతుంది, చలి ముక్క వెనక్కి వచ్చి మొత్తం ఊరి మీద కూర్చుంటుంది. ఇవ్వకపోతే... ఆమె వేళ్లు అక్కడే ఆగాయి.

"నేనే," అంది.

ఫోన్ ఆగిపోయింది.

*

జనం గుట్ట ఎక్కడానికి ఎవరూ పిలవాల్సిన పని లేకపోయింది. చచ్చిన పిల్లవాణ్ని తువ్వాలులో చుట్టి బయటికి తెచ్చారు. అది చూసి ఊరు ఊరంతా లేచింది. గొడ్డళ్లు, రోకళ్లు, సైకిలు గొలుసులు, చేతికి ఏది దొరికితే అది పట్టుకొని ఎక్కారు. ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు, కనుబొమల మీద మంచు పేరుకుంది. గేటు దగ్గర కాపలావాళ్లు మొదట గాలిలోకి కాల్చారు. రాళ్లు పడ్డాయి. ఒక కాపలావాడి దవడ విరిగింది. రెండోసారి గాలిలోకి కాల్చలేదు. చాయ్ హోటల్ యాకూబ్ ముందు వరసలో ఉన్నాడు. కడుపు పట్టుకొని కూర్చుండిపోయాడు, మళ్లీ లేవలేదు. ఆ తరువాత గేటు ఎంతోసేపు నిలవలేదు.

రాజుగారు చేతులెత్తి బయటికి వెళ్లారు. "వినండమ్మా, ఆపితే మీకే నష్టం, గాలి కదులుతోంది," అంటూనే ఉన్నారు. ఆ మాటలు ఎవరికీ వినబడలేదు. రోకలి దెబ్బ తల మీద పడింది. కిందపడ్డ మనిషిని కాళ్లతో తొక్కారు.

సుగుణ కిటికీలోంచి చూసింది రాజుగారిని కాదు. గుంపును వదిలి ఒక మనిషి వెనక కంచె దూకాడు. స్తంభాలకు కరెంటు వచ్చే యార్డు వైపు వంగి పరుగెత్తుతున్నాడు. ఆ పరుగు ఎవరిదో ఆమెకు తెలుసు. మూల నిలబెట్టి ఉన్న గడ్డపార అందుకొని వెనక తలుపు తీసింది.

బాపు ఏబీ స్విచ్చు పిడి పట్టుకొని ఉన్నాడు. దాన్ని కిందికి లాగితే పైన తీగల దగ్గర లంకె విడిపోయి లైను తెగుతుంది. ఖాళీ లైను మీద చేయాల్సిన పని అది. కరెంటు నిండుగా పారుతున్నప్పుడు చేస్తే నిప్పు కిందికి దూకుతుంది.

"దించకు. లోడు మీద దించితే కాలిపోతవ్."

"నాకు నేర్పుతున్నవా?"

"గాలి కదిలింది తమ్మీ. పొద్దుగూకే దాకా ఆగు. చలి పోతది. నీ పిల్ల బతుకుతది, అందరు బతుకుతరు."

"నా పిల్ల గప్పటి దాకా ఉంటదా? పోయిన పోరడు లేస్తడా?"

అతను పిడి మీద బరువు వేశాడు. సుగుణ గడ్డపార ఎత్తి అతని కుడి చేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు స్తంభాల మూలుగులో కూడా వినిపించింది. బాపు కేక పెట్టలేదు. ఆమె వైపు చూశాడు, ఈమె ఎవరన్నట్టు. తరువాత తలతో ఆమె ముఖం మీద గుద్దాడు. ఆమె ముందు పళ్లు ఊడి నోట్లోనే పడ్డాయి. నెత్తురు ఉమ్మి ఆమె మళ్లీ కొట్టింది, ఈసారి పక్కటెముకల మీద. ఇద్దరూ కంకరలో పడి దొర్లారు. ఆమె జుట్టు పట్టి అతను తలను రాళ్లకేసి బాదాడు. ఆమె అతని విరిగిన చేతిని పట్టి మెలితిప్పింది. అప్పుడు అరిచాడు.

చివరికి అతనే ముందు లేచాడు. ఎడమ చేత్తో పిడి పట్టుకున్నాడు. సుగుణ వెనకనుంచి నడుము పట్టి లాగింది. పిడి సగం దిగి ఆగింది.

లంకె విడీ విడనట్టుగా ఉండిపోయింది. పైనుంచి తెల్లటి నిప్పు తాడులా సాగి కిందికి దూకింది. బాపు చొక్కా మండింది. విరిగి వేలాడుతున్న కుడి చేతిని అది భుజం దాకా పట్టుకుంది. సుగుణ ముఖం ఎడమ వైపు కాలింది, కన్ను మూసుకుపోయింది. ఎక్కడో దడేలుమంది. స్తంభాలన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. ఆమె తన కోటు విప్పి తమ్ముడి మీద వేసి, దాని మీద తాను పడి మంట ఆర్పింది. మాంసం కాలిన వాసన వస్తోంది. జనం వచ్చి ఇద్దరినీ విడదీసేటప్పుడు ఆమె చేతులు అతని చుట్టూ బిగుసుకొని ఉన్నాయి.

గుట్టకు లైను తెగగానే సబ్‌స్టేషన్‌వాళ్లు ఆస్పత్రికి కరెంటు ఇచ్చారు. బాపు కూతురు బతికింది.

తోపులు ఆగిపోయినా, సాయంత్రానికి గాలి తిరిగింది. చలి ముక్క సిర్సాపేట వదిలి పడమటికి జరిగింది.

*

హైదరాబాదులో డాక్టర్లు బాపు కుడి చేతిని భుజం దగ్గర తీసేశారు. అదే ఆస్పత్రిలో, వేరే అంతస్తులో సుగుణ ఉంది. కాలిన ముఖానికి తొడ చర్మం తీసి వేశారు. ఎడమ కన్ను పోయింది. నడవగలిగిన మొదటి రోజు ఆమె తమ్ముడి మంచం దగ్గరికి వెళ్లింది. స్వరూప లేచి పక్కకు తప్పుకుంది.

బాపే అడిగాడు.

"నేను స్విచ్చు ముట్టకముందు మీ తోపు సరిపోయిందా?"

"తెల్వది."

"మరి చలి ఎట్ల పోయింది?"

"మేం తోసినందుకు పోయిందో, దానంతట అదే పోయిందో తెల్వది తమ్మీ. ఎన్ని తీర్ల లెక్కేసినా రెండూ నిజమే అనిపిస్తది. గాలిని వెనక్కి తెచ్చి మల్లొకసారి చూస్తందుకు రాదు."

బాపు పైకప్పు వైపు ముఖం తిప్పుకున్నాడు. "అంటే నా చెయ్యి, ఆ పోరడు, యాకూబ్ భాయి... ఎందుకు పోయిన్రో గూడ తెల్వదన్నట్టు."

సుగుణ గోడ పట్టుకొని తన గదికి పోయింది.

ఆ గదిలో టీవీ ఉంది. పడమటి ఉప్పు మడుల్లో పనిచేసే కూలీల గుడిసెలు అందులో చూపించారు. గోనె పట్టాల గోడలు, తాటాకు కప్పులు. చలి అక్కడ నాలుగు రోజులు నిలబడిందట. ఒక తల్లి, ముగ్గురు పిల్లలు ఒకే దుప్పటి కింద ఒకళ్లనొకళ్లు కరుచుకొని ఉన్నారు. వాళ్లను విడదీయడానికి ఉప్పు కూలీలు వేడినీళ్లు పోస్తున్నారు. పటంలో పేర్లు లేని చోటు అది.

తలకు కట్టుతో రామభద్రరాజుగారు అదే టీవీలో మాట్లాడారు. ఆయన బతికారు, మాట కాస్త ముద్దగా వస్తోంది. బోడిగుట్ట ప్రయోగం చలిని ఒక ప్రాంతం నుంచి తొలగించగలదని రుజువైందన్నారు. మరి ఉప్పు మడుల్లో చావుల మాటేమిటని ఎవరో అడిగారు. అది ప్రకృతి అన్నారు. వచ్చే చలికాలానికి ముందే స్తంభాలు బాగుచేస్తామన్నారు.

*

వేసవిలో సుగుణను మళ్లీ గుట్ట మీదికి పిలిచారు. ఆ తోపుల లెక్క పూర్తిగా తెలిసినది ఆమె ఒక్కతే. వెళ్లింది. మరమ్మతు పనివాళ్లు స్తంభాలకు కొత్త తీగలు లాగుతున్నారు. గేటు దగ్గర యాకూబ్ పడ్డ చోట సిమెంటు వేసి చదును చేశారు.

ఒక ఉదయం ఆమె ప్రమాదపు సైరన్ మోగించింది. పనివాళ్లు అందరూ పరుగున బయటికి వెళ్లారు. ఒక్కరు కూడా లోపల లేరని గదులన్నీ తిరిగి చూసుకుంది. తరువాత పనివాళ్లు వదిలేసిన గ్యాస్ కట్టర్ తీసుకొని, మొదటి స్తంభాన్ని నిలబెట్టే ఇనుప తాళ్ల దగ్గర కూర్చొని కోయడం మొదలుపెట్టింది.

రాజుగారు కర్ర ఊతంగా కుంటుకుంటూ వచ్చారు.

"అమ్మాయ్, ఆపు. ఏం చేస్తున్నావో తెలుస్తోందా? అయిదేళ్లు ఎంతమందిని కాపాడాం మనం. ఇది లేకపోతే వచ్చే చలికాలం ఉత్తరాదిలో ఎంతమంది పోతారో లెక్క వేశావా?"

"వేశాను సార్. మీరెంత వేశారో అంతే వచ్చింది."

"మరి?"

"ఎవరు పోవాలో నేను మాత్రం ఎంచను. మీరు పక్కకు జరగండి. తాడు తెగితే ఇటే కొడుతుంది."

ఆయన జరగలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నారు. సుగుణ ఆయన్ని రెండు చేతులతో ఎత్తి నెట్టేసింది. ఆయన పల్లంలోకి దొర్లి ముళ్లపొదల్లో పడ్డారు. తాడు తెగి కొరడాలా విసురుకుంటూ పోయింది. ఆయన నిలబడ్డ చోట నేలను అడుగు లోతున చీల్చింది. మొదటి స్తంభం మెల్లగా ఒరిగి రెండోదాని మీద పడింది. రెండోది మూడోదాన్ని లాగింది. ఇనుము విరుగుతున్న చప్పుడు కింద ఊరి దాకా వినిపించింది. ఆఖరిది ప్రయోగశాల కప్పును చీల్చుకుంటూ యంత్రాల మీద కూలింది. పోలీసులు వచ్చేసరికి సుగుణ పొదల్లోంచి రాజుగారిని పైకి లాగుతోంది.

జైలు శిక్ష పడింది. వరంగల్ జైలుకు పంపారు.

ఆ ఏడు వలయం చిట్లలేదు. కానీ మాటిమాటికీ సడలింది. సడలినప్పుడల్లా ఉత్తరాది నగరాల మీద చలి పడింది. ఫుట్‌పాత్‌ల మీద చనిపోయినవాళ్ల వార్తలు పేపర్లో వచ్చాయి. సుగుణ ఒక్కటీ వదలకుండా చదివేది. పేర్లు ఉంటే పేర్లు పైకే చదివేది. పక్క ఖైదీలు ఆమెకు పిచ్చి పట్టిందనుకున్నారు.

ఒక ముసురు రోజున బాపు, స్వరూప ములాఖత్‌కు వచ్చారు. కుడి వైపు చొక్కా చేతిని మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు. ఏడాది నిండబోతున్న పిల్ల స్వరూప చంకలో ఉంది. చెవులకు ఎర్ర ఊలు టోపీ.

కమ్మీల అవతల నిలబడి బాపు అడిగాడు.

"ఉత్తరాదిల మస్తు మంది సచ్చిన్రట."

"అవ్."

"నువ్వు కూలగొట్టకుంటే వాళ్లు బతుకుతుండె?"

"ఈ ఏడు బతుకుతుండె తమ్మీ. మల్లేడు ఎవరు పోదురో."

పిల్ల కమ్మీల సందులోంచి చెయ్యి పెట్టి సుగుణ ముఖం మీది కాలిన చర్మాన్ని తడిమింది. చలిలో బస్సులో వచ్చిన పిల్ల, చెయ్యి మంచులా ఉంది. సుగుణ ఆ చిన్న చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకొని రుద్దసాగింది. స్వరూప పిల్లను వెనక్కి తీసుకోబోయింది.

"ఉండనీ," అన్నాడు బాపు.

టైమైందని కానిస్టేబుల్ రెండుసార్లు పిలిచింది. ఆ చెయ్యి వెచ్చబడే దాకా ముగ్గురూ అలాగే నిలబడ్డారు.